ఇంటి గుట్టు - చేతిలో ఫోను

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగపాఠం)



నేను ఉర్దూ మీడియం పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. రోజంతా ఉర్దూలో పాఠం చెప్పే నోరు ఇది. తెలుగులో ప్రసంగమంటే అక్కడక్కడ తప్పులు దొర్లుతాయి, మన్నించాలి. కంప్యూటర్ ఇంజనీరును అంతకంటే కాను. అయినా ఈ విషయం నాకెందుకు అప్పగించారంటే, కొంతకాలంగా మన పేటలో ఎవరి ఫోను మొరాయించినా, ఎవరి ఫోనులో డబ్బు పోయినా నా గుమ్మంలోకే వస్తున్నారు. కార్యదర్శిగారు పిలిచి, "మాస్టారూ, ఆ వి.పి.ఎన్. అనేదేదో పిల్లలందరూ పెట్టుకుంటున్నారు. అది మంచిదా చెడ్డదా, అరగంటలో తేల్చి చెప్పండి" అన్నారు. మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. ముందు అదేమిటో చూద్దాం.

మా అబ్బాజాన్ కువైట్‌లో పనిచేసేవారు. నా చిన్నతనంలో నెలకొక ఉత్తరం వచ్చేది. పైన అడ్రసు ఇంగ్లీషులో, లోపల అంతా ఉర్దూ. మా పోస్టుమాన్‌కు ఉర్దూ రాదు. కవరు చినిగి వచ్చినా లోపలి సంగతి ఆయనకు ఒక్క ముక్క తెలియదు. అయినా ఆయనకు చాలా తెలుసు! ఎక్కడినుంచి వచ్చింది, ఎవరింటికి వచ్చింది, ఎన్నాళ్ళకొకసారి వస్తుంది - ఇవన్నీ కవరు మీదనే వుండేవి. రెండు నెలలు ఉత్తరం లేకపోతే "ఏమమ్మా, సాయిబుగారు రాయటం లేదా?" అని నలుగురిలో అడిగేవాడు. రిజిస్టరు కవరు వచ్చిందంటే డ్రాఫ్టు వచ్చినట్టే లెక్క. సాయంత్రానికి అప్పులవాళ్ళు మా అరుగు మీద వుండేవారు. లోపల ఏం రాశారో ఎవరూ చదవలేదు, కాని మా ఇంటి పరిస్థితి ఊరంతా చదివేసింది.

ఇప్పుడు మీ చేతిలోని ఫోను కూడా సరిగ్గా అట్లాంటిదే. ఈనాడు చాలావరకు వెబ్‌సైట్లు, బ్యాంకు యాప్‌లు మన ఉత్తరానికి తాళం వేసే పంపుతున్నవి. మీ పాస్‌వర్డును, మీరు రాసిన మాటను దారిలో ఎవడూ చదవలేడు. వాట్సాప్‌లో కూడా 2016 నుంచి సందేశాలకు అట్లాంటి తాళమే వున్నది. కాని కవరు మీది అడ్రసు మాత్రం బయటికి కనపడుతుంది. మీకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీకి మీరు ఏ వెబ్‌సైటుకు వెళ్ళారో, ఎన్నింటికి వెళ్ళారో తెలుస్తుంది. అవతలి వెబ్‌సైటుకు మీరు ఏ ప్రాంతంనుంచి వచ్చారో సుమారుగా తెలుస్తుంది. ఆ ఆనవాలునే ఐ.పి. అడ్రసు అంటారు.

అబ్బాజాన్ అప్పట్లో ఒక పని చేశారనుకోండి. ఉత్తరం వున్న కవరును ఇంకొక పెద్ద కవరులో పెట్టి బొంబాయిలోని ఒక స్నేహితుడికి పంపారు. ఆయన పై కవరు విప్పి, లోపలి కవరును మన ఊరికి పోస్టు చేశాడు. కువైట్ పోస్టాఫీసుకు బొంబాయి సంగతే తెలుసు. మన పోస్టుమాన్‌కు బొంబాయి ముద్ర మాత్రమే కనపడుతుంది. వి.పి.ఎన్. అంటే ఇంతే. మీ ఫోనుకూ, ఆ కంపెనీవారి యంత్రానికీ మధ్య తాళం వేసిన గొట్టం ఒకటి వేస్తారు. మీ రాకపోకలన్నీ అందులోనుంచి పోయి వారి చోటినుంచి బయటికి వస్తాయి.

బాగానే వున్నది. కాని ఇప్పుడు అన్నీ తెలిసినవాడు ఎవరు? ఆ బొంబాయి స్నేహితుడు! పంపినవాడి పేరు, అందుకున్నవాడి పేరు రెండూ ఆయన దగ్గరే వున్నాయి. పోస్టుమాన్ కన్ను తప్పించాము సరే, ఇంకొకరి కంటి ముందు కూర్చున్నాము. ఆయన నమ్మదగినవాడైతే లాభం, కాకపోతే పోస్టుమానే నయం. వి.పి.ఎన్. ఎంచుకోవటం అంటే యంత్రాన్ని ఎంచుకోవటం కాదు, ఆ స్నేహితుణ్ణి ఎంచుకోవటం.

మా ఆపా కొడుకు షార్జాలో వుంటాడు. వాళ్ళ అమ్మతో వీడియోలో మాట్లాడటానికి తన ఫోనులో ఉచితంగా దొరికే వి.పి.ఎన్.లు మూడు పెట్టుకున్నాడు. పోయిన సెలవుల్లో వచ్చి, "అమ్మీ, నీక్కూడా సేఫ్టీ" అని ఆపా ఫోనులో ఒకటి పెట్టి వెళ్ళాడు. వాడి ప్రేమకు లోటు లేదు. తర్వాత నెలరోజులకు ఆపా వచ్చి ఫోను కాలిపోతున్నదనీ, ముట్టుకుంటే చాలు ప్రకటనలు వస్తున్నాయనీ ఏడ్చినంత పని చేసింది. తీసి చూశాను. ఆ యాప్ కాంటాక్టులు చూడటానికి అనుమతి తీసుకున్నది, ఫోటోలకు తీసుకున్నది, మనిషి ఎక్కడున్నదీ చూడటానికి తీసుకున్నది. ఉత్తరం చేరవేసేవాడికి మన బీరువా తాళంచెవి ఎందుకయ్యా? వెంటనే తీసివేశాను.

షార్జాకు ఫోను చేస్తే మేనల్లుడు, "మామూ, ఊరికే వస్తుంటే డబ్బెందుకు?" అన్నాడు. ఈ మాట మీలో చాలామంది మనసులో కూడా వుంటుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. వి.పి.ఎన్. నడపాలంటే దేశదేశాల్లో యంత్రాలు అద్దెకు తీసుకోవాలి, కరెంటు, జీతాలు భరించాలి. ఊరికే ఇస్తున్నాడంటే ఎక్కడో రాబట్టుకుంటున్నాడని అర్థం.

2016లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థవారు, అక్కడి, అమెరికాలోని విశ్వవిద్యాలయాలవారితో కలిసి ఆండ్రాయిడ్ ఫోన్ల వి.పి.ఎన్. యాప్‌లు 283 తీసుకుని పరీక్షించారు. నూటికి 38 యాప్‌లలో హానికరమైన ప్రోగ్రాముల జాడలు కనపడ్డవి. నూటికి 18 అసలు తాళమే వేయటం లేదు! అంటే కవరులో కవరు అని చెప్పి పోస్టుకార్డు పంపుతున్నారన్నమాట. 2015లో హోలా అనే ఉచిత వి.పి.ఎన్. సంగతి బయటపడింది. దాన్ని పెట్టుకున్నవారి ఇంటర్నెట్‌నే ఇతరులకు అద్దెకిచ్చి ఆ కంపెనీ సంపాదిస్తున్నది. మన ఇంటి చిరునామా మీద ముక్కూ మొహం తెలియనివాడెవడో వ్యవహారం నడిపితే, రేపు పోలీసులు ఎవరి తలుపు తడతారు? ఒనావో అని ఇంకొకటి. దాన్ని ఫేస్‌బుక్ వారు 2013లో కొన్నారు. మిమ్మల్ని కాపాడుతాం అని పేరు పెట్టి, జనం ఏయే యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో లెక్కలు తీసుకున్నారు. 2018లో ఆపిల్ వారి దుకాణంలోనుంచి అది పోయింది, 2019లో మూతపడింది. 2023లో ఆస్ట్రేలియా కోర్టు ఈ వ్యవహారం మీద 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. ఇక 2020లో హాంకాంగ్‌కు చెందిన యూ.ఎఫ్.ఓ. మొదలైన ఏడు వి.పి.ఎన్.ల కథ. "మేము ఏ లెక్కలూ దాచము" అని చెప్పుకున్నవారు, దాచిన లెక్కలను తాళం కూడా వేయకుండా ఇంటర్నెట్‌లో వదిలేస్తే పరిశోధకులకు దొరికినవి. కాబట్టి "లెక్కలు దాచము" అనే మాట ప్రకటనలో చదివి మురిసిపోకండి.

గల్ఫ్‌లో పిల్లలున్న తల్లిదండ్రులు ఈ ఒక్క విషయం శ్రద్ధగా వినాలి. యు.ఎ.ఇ.లో వి.పి.ఎన్. దానంతట అది నేరం కాదు. కంపెనీలు, బ్యాంకులు వాడుకోవచ్చు. కాని దాని మాటున నేరం చేసినా, నేరం బయటపడకుండా చేసినా 2021 నాటి చట్టం ప్రకారం జైలు వుంది. జరిమానా 5 లక్షల దిర్హములనుంచి 20 లక్షల దిర్హముల దాకా. 5 లక్షల దిర్హములంటే మన లెక్కలో కోటి రూపాయల పైమాట! వాట్సాప్ కాల్స్‌కు అక్కడ ఏళ్ళ తరబడి ఆటంకం వుండటం నిజమే. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. కాని అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ వంటి యాప్‌లు వున్నప్పుడు, అమ్మ ముఖం చూడటానికి ఇంత ముప్పు ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? మా మేనల్లుడు అలిగాడు, తర్వాత విన్నాడు.

మన దేశంలో వి.పి.ఎన్. నిషేధం లేదు. అయితే 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒక ఉత్తర్వు ఇచ్చింది. వి.పి.ఎన్. కంపెనీలు తమ ఖాతాదారుల పేర్లు, చిరునామాలు, ఐ.పి. అడ్రసులు 5 సంవత్సరాలు భద్రపరచాలన్నారు. దాంతో ఎక్స్‌ప్రెస్, సర్ఫ్‌షార్క్, నార్డ్, ప్రోటాన్ వంటివారు ఇక్కడి యంత్రాలు తీసివేసి, బయటి దేశాలనుంచే పని నడుపుతున్నారు. జమ్మూ కాశ్మీరులో కొన్ని జిల్లాల్లో 2025లో వి.పి.ఎన్. మీద తాత్కాలిక నిషేధపు ఉత్తర్వులు కూడా వచ్చినవి. అటు ప్రయాణమయ్యేవారు తెలుసుకుని వెళ్ళటం మంచిది.

ఇంతకూ ఎవరికి కావాలి ఇది? ఇంట్లో కూర్చుని కరెంటు బిల్లు కట్టటానికి, వాట్సాప్‌లో మాట్లాడటానికి అక్కరలేదు. పైగా కొన్ని బ్యాంకు యాప్‌లు వి.పి.ఎన్. ఆన్‌లో వుంటే, ఈ మనిషి ఏ దేశంలో వున్నాడో అని అనుమానించి పనిచెయ్యవు. హాస్టల్లో చదివే పిల్లలకు, రైల్వే స్టేషన్లలో, లాడ్జీల్లో ఊరికే వచ్చే వైఫై వాడేవారికి, తాము ఏం చదువుతున్నదీ ఇంటర్నెట్ కంపెనీకి తెలియనక్కరలేదు అనుకునేవారికి ఉపయోగమే. నేను కూడా అప్పుడప్పుడు వాడుతున్నాను.

ఎంచుకునేటప్పుడు నేను చూసినవి చెబుతాను. కంపెనీ ఎవరిదో, ఏ దేశానిదో పేరు పెట్టి చెబుతున్నదా? బయటి ఆడిటర్లను పిలిచి తన పనిని తనిఖీ చేయించి ఆ నివేదిక అందరికీ చూపుతున్నదా? మన సంఘం లెక్కలే ఏటా ఆడిట్ అవుతుంటే, లక్షలమంది గుట్టు పట్టుకున్నవాడికి ఆడిట్ వద్దా! కనెక్షన్ మధ్యలో తెగితే ఇంటర్నెట్‌నే ఆపివేసే ఏర్పాటు వుండాలి, దాన్ని కిల్ స్విచ్ అంటారు. ఇక ధర. మొదటి రెండేళ్ళకు ఒకేసారి కడితే నెలకు వందో రెండొందలో అని ఊరిస్తారు. మూడో ఏడు ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కాబట్టి ముందు ఒక్క నెలకే కట్టి చూడండి.

రెండు పేర్లు చెబుతాను. వీరెవరూ నాకు కమీషను ఇవ్వరు, ఇస్తే ఈ పాటికి మా ఇంటి పైకప్పు మారి వుండేది. స్విట్జర్లాండుకు చెందిన ప్రోటాన్ వారికి ఒక ఉచిత పద్ధతి వున్నది. ఇన్ని జీబీలే అనే పరిమితి లేదు. అది ఊరికే ఎట్లా ఇస్తున్నారంటే, డబ్బు కట్టేవారి సొమ్ముతో. ఉచితం అంటే అనుమానించమన్నాను కదా, ఆ రాబడి ఎక్కడిదో బాహాటంగా తెలిస్తే అనుమానం తగ్గుతుంది. రెండవది స్వీడన్‌లోని ముల్వాద్. 2009నుంచీ నెలకు 5 యూరోలు, ఒకటే ధర. మన రూపాయల్లో ఇంచుమించు అయిదువందలు. పేరు అడగరు, ఈమెయిల్ అడగరు, ఒక నంబరు ఇస్తారు, అంతే. 2023 ఏప్రిల్‌లో స్వీడన్ పోలీసులు వారి ఆఫీసుకు సోదాకు వస్తే, తీసుకుపోవటానికి ఖాతాదారుల లెక్కలే లేవని చూపి పంపారు. ప్రకటనలో మాట కాదిది, పరీక్షకు నిలిచిన మాట. నెలకు అయిదువందలు మనలో చాలామందికి ఎక్కువే. నేనయితే ఉచితంగా వచ్చే మొదటిదే వాడుతున్నాను.

ఇంతవరకు కార్యదర్శిగారు అడిగిన ప్రశ్న. అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతాను.

మా అమ్మీ ఫోనులో నమాజు వేళలు చెప్పే యాప్ వుండేది. ఆమె ఎక్కడికి వెళ్ళినా, ఇరవైనాలుగు గంటలూ, ఆమె వున్న చోటు చూసుకునే అనుమతి దానికి వున్నది. ఇందులో ఏముంది అనుకున్నాను, 2020 నవంబరు నాటి ఒక వార్త తర్వాతెప్పుడో చదివేదాకా. ప్రపంచంలో 9 కోట్ల 80 లక్షల సార్లు డౌన్‌లోడ్ అయిన ముస్లిం ప్రో అనే యాప్, వాడేవారు ఎక్కడెక్కడ తిరుగుతున్నదీ ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరవేసింది. ఆ కంపెనీ అట్లాంటి సమాచారాన్ని అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకు అమ్మింది. ఖిబ్లా ఏ దిక్కున వున్నదని మనం అడిగితే, మనం ఏ దిక్కున వున్నామో ఇంకెవరికో చెప్పారు! గొడవ అయిన తర్వాత ముస్లిం ప్రో వారు ఆ కంపెనీతో సంబంధం తెంచుకున్నామన్నారు. 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వ వాణిజ్య సంఘం, అటువంటి సున్నితమైన స్థలాల సమాచారం అమ్మకూడదని ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటున్నది. ఎంత ఖరీదైన వి.పి.ఎన్. వున్నా ఇది ఆగేది కాదు. వి.పి.ఎన్. దాచేది ఐ.పి. అడ్రసును. ఇక్కడ చోటు చెప్పింది ఫోనులోని జి.పి.ఎస్., అనుమతి ఇచ్చింది మనం. వీధివైపు పరదా కట్టి, లోపలినుంచి మనమే కేక వేసి చెప్పినట్లు. అజాన్ వేళలకు మన ఊరి పేరు టైపు చేస్తే చాలు. ఫోను సెట్టింగుల్లోకి వెళ్ళి, లొకేషన్ అన్న చోట ఏయే యాప్‌లకు "ఎప్పుడూ" అని వుందో చూసి తీసివేయండి. కాంటాక్టులూ, మైకూ, ఫోటోలూ అట్లాగే చూడాలి. పైసా ఖర్చు లేదు. 2020 చివర్లో హైదరాబాదులో బయటపడిన అప్పుల యాప్‌ల దారుణం గుర్తుందా? మూడు వేలు అప్పిచ్చి, కాంటాక్టుల్లోని బంధువులందరికీ ఫోన్లు చేసి పరువు తీస్తుంటే కొందరు ప్రాణాలే తీసుకున్నారు. ఆ కాంటాక్టులు దొంగిలించినవి కావు, నొక్కమన్నచోట నొక్కి ఇచ్చినవి.

ఇతరుల తప్పులే చెప్పి దిగిపోతే మర్యాద కాదు. నాదీ ఒకటున్నది. స్కాలర్‌షిప్ దరఖాస్తుల సమయంలో పిల్లల తల్లిదండ్రులతో వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టాను. "అందరూ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పేజీ ఫోటో తీసి గ్రూపులో వెయ్యండి" అని రాసింది నేనే. పని సులువవుతుందని సంతోషించాను కూడా. నలభై ఇళ్ళ కాగితాలు నలభై ఫోన్లలో చేరినవి. వాటిలో ఎన్ని ఫోన్లు మరమ్మతుకు పోయాయో, ఎన్ని అమ్ముడుపోయాయో! ఆరేడు నెలలకు కుట్టుపని చేసుకుని బిడ్డను చదివిస్తున్న ఒక తల్లికి ఫోన్లు మొదలయ్యాయి - నీ పేరుమీద అప్పు వున్నది, కట్టు అని. ఆమె ఏ అప్పూ తీసుకోలేదు. గ్రూపులోనుంచే పోయిందని రుజువు లేదు. కాదని చెప్పటానికి నాకు ముఖం లేదు. సైబర్ పోలీసులకు ఫిర్యాదు ఇప్పించి ఆమెతోపాటు నేనూ తిరుగుతున్నాను. ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. "మీరు అడిగారని ఇచ్చాను సార్" అని ఆమె ఒక్కసారే అన్నది. కోపంగా అనలేదు.

ఆ గ్రూపులోని ఫోటోలు తీయించివేశాను. ఇప్పుడు కాగితం చేతికిమ్మంటున్నాను. ఫోటోయే కావాలంటే, చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ వున్నది, ఆధార్ వెబ్‌సైటులో ఎవరైనా తీసుకోవచ్చు. వేలిముద్రలకు తాళం వేసే సదుపాయం అక్కడే వున్నది, ఎవరూ మన వేలిముద్రతో డబ్బు తీయకుండా. మీ పేరుమీద ఎన్ని సిమ్‌లు వున్నదీ సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కనపడుతుంది. నాకు తెలిసిన ఒకాయనకు, తాను ఎన్నడూ కొనని సిమ్ ఒకటి కనపడింది. డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోక వెంటనే 1930కి ఫోను చేయాలి. మొదటి గంటలో చేసినదానికీ, మూడో రోజు చేసినదానికీ చాలా తేడా వుంటుంది. ఇంకొకటి, వాట్సాప్‌లో పెండ్లి పత్రిక వచ్చి, దాని పేరు చివర ఏ.పి.కె. అని వుంటే ముట్టుకోకండి. అది దావత్ కాదు, దొంగతనం.

ఆడపిల్లల మాట ఎత్తకుండా ముగించలేను. 2021 జులైలో, మళ్ళీ 2022 జనవరిలో, పేరున్న ముస్లిం స్త్రీల ఫోటోలను వారికి తెలియకుండా తీసి ఇంటర్నెట్‌లో వేలం అని పెట్టిన నీచమైన పని మీకందరికీ తెలుసు. 2022 జనవరిలో అరెస్టులు జరిగినవి. ఆ వార్త తర్వాత మన పేటలో కొన్ని ఇళ్ళలో ఏం జరిగింది? కూతుళ్ళ ఫోన్లు లాక్కున్నారు. తప్పు చేసినవాడు ఎక్కడో, శిక్ష పడింది మన అమ్మాయికి. నా విద్యార్థిని ఒకతె ఆ ఏడు ఆన్‌లైన్ కోచింగ్ మానుకున్నది. అమ్మాయికి ఫోనులో తాళం ఎట్లా వేయాలో, రెండంచెల పాస్‌వర్డు ఎట్లా పెట్టాలో, ఎవడైనా బెదిరిస్తే ఇంట్లో మొదట ఎవరికి చెప్పాలో నేర్పండి. చెప్పగలిగేంత చనువు ఇవ్వండి, అది ముఖ్యం. ఇంకొకరి గడపలో అడుగు పెట్టేముందు సలాం చేసి అనుమతి అడగాలని మనకు సూరె నూర్‌లోనే వున్నది. ఎదిగిన బిడ్డ ఫోనుకు కూడా ఒక గడప వుంటుందని నేననుకుంటాను. కొందరు పెద్దలు దీనికి ఒప్పుకోకపోవచ్చు.

చట్టం వైపు చూస్తే, కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామిగారు 2012లో, తన ఎనభయ్యారో ఏట, సుప్రీంకోర్టు తలుపు తట్టారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు. ఆయన 2024లో కన్నుమూశారు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేసింది, 2025 నవంబరులో నియమాలు వచ్చినవి, అమలు దశలవారీగా. ఆ చట్టం మన పేట దాకా వచ్చేలోపు మన తాళాలు మనం చూసుకోవాలి కదా.

వచ్చే నెలనుంచి ప్రతి ఆదివారం అసర్ నమాజు తర్వాత మా పాఠశాలలో కూర్చుంటాను. అధ్యక్షులవారు అనుమతి ఇచ్చారు. ఫోను తెచ్చుకోండి, అనుమతులు కలిసి చూద్దాం. తల్లులకోసం మా పాఠశాల టీచరమ్మ పక్క గదిలో వుంటారు. ఒక షరతు - పాస్‌వర్డు కొట్టవలసి వచ్చినప్పుడు నన్ను అటు తిరగమనండి. "మాస్టారే కదా" అని నాకు చెప్పవద్దు. ఒకసారి అట్లా నమ్మే కాగితాలు గ్రూపులో వేశారు.